చెప్పాపెట్టకుండా

అర్జీల గదిలో ఆ గుమాస్తాకు ఇరవై రెండేళ్ల సర్వీసు. వచ్చినవాళ్లు చెప్పింది రాసుకుని, గట్టిగా చదివి వినిపించి, "ఇంతేనా అమ్మా? మార్చేదేమైనా ఉందా?" అని అడిగాకే సంతకం పెట్టించుకునేవాడు. ఆ ఏడాది గదిలోకి కొత్త కంప్యూటరు వచ్చింది. మాట వింటుంది, అర్జీ తనే రాస్తుంది, భాషా తనే దిద్దుతుంది.

"ఇక ఆ చదివి వినిపించడాలు కట్టిపెట్టండి. మనిషికి రెండు నిమిషాలు చాలు," అన్నాడు పై అధికారి. గుమాస్తా తలూపాడు. గొంతుకు విశ్రాంతి దొరికిందని లోలోపల సంతోషించాడు కూడా, దాచడమెందుకు!

ఒక ఉదయం బట్టల మిల్లులో పనిచేసే ఆవిడ వచ్చింది. మతి నిలకడలేని తమ్ముణ్ని పాతికేళ్లుగా సాకుతున్న అక్క.

"మా తమ్ముడు చెప్పాపెట్టకుండా పోయాడయ్యా. మూడు రోజులైంది. ముద్ద దిగడం లేదు. మీరే ఏదో ఒక దారి చూపించాలి."

కంప్యూటరు క్షణంలో రాసి పడేసింది: "నా సోదరుడు ఆకస్మికంగా మరణించినందున తగు సహాయము చేయ ప్రార్థన." అచ్చుతప్పు ఒక్కటీ లేదు. గుమాస్తా చదవలేదు. ఆమెకు చదువు రాదు. వేలిముద్ర వేసి, దణ్ణం పెట్టి వెళ్లింది.

అందుకే ఆ ఆఫీసు ఉంచే తప్పిపోయినవాళ్ల జాబితాలో ఆమె తమ్ముడు చేరనే లేదు. పదో రోజున ఇంటికి ఉత్తరం వచ్చింది. అదీ కంప్యూటరు రాతే: "మీ సోదరుని మృతికి మా ప్రగాఢ సానుభూతి." పక్కింటామె చదివి చెప్పగానే ఆమె గుండెలు బాదుకుంటూ ఆఫీసుకు పరిగెత్తింది.

"ఎక్కడ దొరికాడయ్యా? ఆఖరి చూపుకైనా పిలవలేదేం?"

గుమాస్తా ఫైలు తీసి, అర్జీలో "మరణించినందున" అన్న మాట చదివాడు. వరసగా ఫోన్లు చేశాడు. పక్క ఊరి ఆస్పత్రి నర్సు పలికింది.

"వారం రోజులు ఇక్కడే ఉన్నాడండీ. అక్క వస్తుందని వాకిట్లోనే కూర్చునేవాడు. మీ ఆఫీసునే అడిగాం, అతని కోసం ఎవరూ వెతకడం లేదన్నారు. నిన్న పొద్దున చూస్తే లేడు."

"ఎక్కడికెళ్లాడు?"

"ఏమోనండీ, చెప్పాపెట్టకుండా పోయాడు."

గుమాస్తా జరిగిందంతా ఆమెకు చెబుతుండగా అధికారి బయటికొచ్చి, "కంప్యూటరు పొరపాటమ్మా," అన్నాడు.

"దానికి నేను చెప్పుకోలేదయ్యా," అందావిడ, గుమాస్తా వైపే చూస్తూ. "ఈయనకు చెప్పుకున్నాను."

గుమాస్తా తలెత్తలేకపోయాడు. తెల్లకాగితం ముందుకు లాక్కుని, ఆమె చెప్పిందంతా తన చేత్తో రాసి, గట్టిగా చదివి వినిపించాడు. "ఇంతేనా అమ్మా?" అని అడిగాడు.

చదువరులారా, ఆ ఒక్క ప్రశ్న అడిగే తీరిక మనకు లేనప్పుడు, యంత్రం ఎంత చక్కగా రాసినా అది మనిషి గోడు కాదు, మనిషి నోరు నొక్కిన కాగితం.