తెత్సుజికి దొరకని కార్డు

మా రాగి గనిలో ఎవరైనా చనిపోతే శవాన్ని మౌనంగా పైకి తెచ్చేవాళ్ళం కాదు. ముందు నడిచేవాడు ప్రతి మలుపులోనూ పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచి దారి చెప్పాలి. చెప్పకపోతే ఒళ్ళు ఇంటికి వస్తుంది, మనిషి అక్కడే ఉండిపోతాడు.

గని మూతపడి ముప్పై ఏళ్ళు. ఈ చలికాలం మా తమ్ముడు తెత్సుజి పట్నం ఆసుపత్రిలో పోయాడు. వ్యానులో ఇంటికి తెచ్చాను. తోలేవాడు పట్నం మనిషి. అతని ముందు సిగ్గుపడి ఒక్క మలుపులోనూ పిలవలేదు.

తెత్సుజికి అరవై నాలుగు. గని మూసేదాకా నాతోపాటు అందులోనే పనిచేశాడు. పెళ్ళి చేసుకోలేదు. పిల్లలాడుకునే కార్డులు పోగుచేసేవాడు. ఒక్కో కార్డు మీద ఒక్కో రాతి జంతువు. రాగి నక్క, గంధకం కప్ప, పలుగురాయి జింక. ప్యాకెట్ విప్పితే గాని లోపల ఏముందో తెలియదు. నూట ఇరవైలో ఒక్కటే దొరకలేదు, సీసపు గుడ్లగూబ.

నలభై తొమ్మిదో రోజు దాటితే పోయినవాళ్ళు ఇక ఈ లోకంలో తిరగరు. దానికి వారం ఉందనగా, వాడి కళ్ళజోడు ఆసుపత్రిలో ఉండిపోయిందంటే వెళ్ళాను. ఆసుపత్రి కింది అంతస్తులో దుకాణం నడిపే కువాబారా అనే ఆవిడ నన్ను ఆపింది.

"తెత్సుజి గారి అన్నగారు కదూ? ముక్కే చెబుతోంది."

"ఔను."

"రోజూ మూడింటికి చెప్పులీడ్చుకుంటూ వచ్చి, కార్డుల ప్యాకెట్లన్నీ వంకాయలు పిసికినట్టు పిసికేవారు. అరుదైన మెరుపు కార్డున్నది మందంగా ఉంటుందట. నలిగిపోతాయండీ అంటే, ఇవి రాళ్ళు తెలిసిన చేతులమ్మా అనేవారు."

నవ్వి, గొంతు తగ్గించింది.

"ఇప్పటికీ మూడయ్యేసరికి ఒక ప్యాకెట్ వరసలోంచి ముందుకొస్తోంది. నేను సర్దుతాను. మర్నాడు మళ్ళీ అంతే."

మూడయ్యేదాకా కూర్చున్నాను. ప్యాకెట్ల దగ్గర ఎవరూ లేరు. ఒక ప్యాకెట్ రెండు వేళ్ళంత ముందుకు జరిగింది.

లేచి నిలబడ్డాను. "తెత్సుజీ, ఇంటికి పోదాం. వాకిలి మెట్లు దిగుతున్నాం, రా."

కువాబారా గారు తల వంచి చేతులు జోడించింది.

మా ఊరి బస్సు దారిలో తొమ్మిది మలుపులు. "కుడికి తిరుగుతున్నాం, రా." "ఎడమకి, రా."

"ఎవరితో తాతా? చేతిలో ఫోనేదీ?" అంది వెనక కూర్చున్న స్కూలు పిల్ల. పక్కపిల్లలు కిసుక్కుమన్నారు.

వంతెన మలుపు వచ్చింది. వాళ్ళు వింటున్నారని దారి చెప్పలేదు. ఒక్కటేగా అనుకున్నాను. వాళ్ళు దిగిపోయాక మిగతావన్నీ చెప్పాను. ఇంటి తలుపు తెరిచి, కాళ్ళు తిమ్మిరెక్కేదాకా పక్కకు తప్పుకుని నిలబడ్డాను.

మర్నాడు కువాబారా గారు ఫోన్ చేసింది.

"ఇవాళ కదల్లేదండీ. ఇల్లు చేరారన్నమాట. నాకే కాస్త వెలితిగా ఉంది."

"ఆఁ, చేరాడు," అన్నాను.

పూజగూటి ముందు కార్డుల పుస్తకం తెరిచి పెట్టాను. వరసగా మూడు రోజులు. ఒక్క పేజీ కదల్లేదు. అగరుపొగ నిటారుగా పోతోంది. ఇంట్లో నేనొక్కణ్ణే.

వంతెన దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది ఊరికి. ఎడమవైపుది గనికి. ఎవరూ చెప్పకపోతే మనిషి తన కాళ్ళకి అలవాటైన దారే పడతాడు.

ఇంకా మూడు రోజులుంది. బూట్లు తొడుక్కున్నాను. గని నోరు సిమెంటుతో మూసేశారు. లోపల ఎన్ని మలుపులో నాకింకా గుర్తే. అన్నీ బయటినుంచే చెప్పాలి.