వీపు వెనక పలక

నేను బార్లీలో రాళ్లు ఏరుతుండగా మా అన్నయ్య కిసాబురో వచ్చాడు. అతను నగోయాలోని విమానాల కర్మాగారంలో నమూనాలు గీస్తాడు. నా భర్త యసుహికో యుద్ధవిమానం నడుపుతారు. ఆ రోజుతో ఆయన సెలవు అయిపోయింది. సాయంత్రం రైలుకు వెళ్లాలి.

అన్నయ్య ఒక అట్టముక్క తీసి ఆయన వీపుకు ఆనించి చూశాడు. భుజాల నుంచి నడుము దాకా సరిగ్గా సరిపోయింది.

"ఈ కొలతకు ఉక్కు పలక చేయించాను బావా. వెనక నుంచి తూటాలు తగలకుండా సీటు వెనక బిగిస్తాం. ప్రయోగానికని ఒక్క విమానానికి ఒప్పుకున్నారు. నడిపేవాడు నోరు తెరిచి అడగాలి, అంతే."

"ఈ అట్ట తేలిగ్గా ఉంది, ఇదే బిగించెయ్," అని ఆయన నవ్వారు. "మావాళ్లు బరువని విమానం మీది రేడియో కంబాన్నే రంపంతో కోసి పారేశారు. నేను ఇనుము మోసుకుంటూ వస్తే, 'ముసలమ్మ మంచంతో సహా దిగింది' అంటారు."

"అననీ. బతికుంటేనే కదా వినేది."

"బరువు తగ్గించింది మీరే కదా అన్నయ్యా?" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. "ఇంజను తోసే బలం అంతే. దూరం పోవాలన్నారు, చటుక్కున తిరగాలన్నారు. బరువు తగ్గాలని విమానం లోపలి పక్కటెముకలకు కూడా బెజ్జాలు వేశాం. అయినా చాల్లేదు. చివరికి మనిషిని కాచే పలక దగ్గర కోశాం. అలా అడిగింది కూడా ఈ నడిపేవాళ్లే."

ఆయన కాదనలేదు. చలికాలంలో మా ఇంట్లో భోంచేసి వెళ్లిన ఆయన స్నేహితుల్లో ఒక్కరూ మిగల్లేదు.

"ఏమండీ, అడగండి." పెళ్లయ్యాక ఆయన్ని నేను ఏదీ కోరలేదు.

"నా వెనక విమానాల్లో వచ్చే ఇద్దరు కుర్రాళ్లకూ పలక ఉంటుందా బావా?"

"లేదు. ఒక్కటే."

"అయితే వాళ్లకంటే నేనే నెమ్మదిగా పైకెక్కుతాను. నా కోసం వాళ్లు వేగం తగ్గించుకుంటారు. వేగం తగ్గినవాణ్ణే కదా శత్రువు ముందు కొట్టేది."

"వాళ్లు ఎలాగూ..." అన్నయ్య మిగతా మాట మింగేశాడు.

ఆ కుర్రాళ్ల పేర్లు నాకు తెలుసు. ఒకడికి నేనే మేజోళ్లు అల్లి పంపాను. అయినా, "వాళ్ల సంగతి నాకొద్దు. మీరు అడగండి," అన్నాను.

ఆయన నన్ను చాలాసేపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. అట్టముక్కను అన్నయ్య ఒళ్లో పెట్టి, గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు తొడుక్కున్నారు. రైలుకు ఇంకా చాలా సమయం ఉంది. ఆయన భోజనానికి నేనింకా పొయ్యి కూడా వెలిగించలేదు. తలుపు పక్కకు జరిపి, బయటికి నడిచి, చప్పుడు కాకుండా మూశారు.