కామెర్ల దండ

కాఫీ కొమ్మను ఎడమచేత్తో వంచి, కుడిచేత్తో ఎర్రటి పళ్ళు మాత్రమే ఏరి, నడుముకు కట్టిన బుట్టలో వేస్తోంది దేముడమ్మ. కొమ్మ కొమ్మకీ ఆగి ఒళ్ళు గోక్కుంటోంది. చేతులు, వీపు, అరికాళ్ళు ఒకటే దురద. గోళ్ళు చాలక, గింజలొలిచిన మొక్కజొన్న కండె ఒకటి కొంగున దోపుకుంది. నల్లటి మొహంలో కళ్ళు మాత్రం పసుపు ముద్దల్లా ఉన్నాయి.

పక్క వరుసలో నూకరత్నం ఏదో కూనిరాగం తీస్తూ కోస్తోంది. ఆమె దేముడమ్మ మరిది పెళ్ళాం; అక్కను పిలిచినట్టు 'అప్పా' అని పిలుస్తుంది. అనంతగిరి కొండల్లోని ఆ ఊరికి ఇద్దరూ ఒకే ఏడు కోడళ్ళుగా వచ్చారు. అప్పట్నుంచీ మంచిదేదైనా నూకరత్నానికే దక్కింది. పొద్దుటెండ పడే తోట ఆమె వాటాకే వచ్చింది. ఆమె మొగుడు గట్టిగానే తిరుగుతున్నాడు. దేముడమ్మ మొగుడు సోంబరు ఏనాడో జ్వరంతో పోయాడు. ఆఖరికి కామెర్లు కూడా ముందు నూకరత్నానికే వచ్చి, ఆమెనే వదిలిపోయాయి.

వానలు వెనకబట్టాక నూకరత్నం కళ్ళు పచ్చబడితే, మందు తెలిసిన మంగ్లు సన్నటి పచ్చికాడ ముక్కల్ని దారపు ముడుల్లో బిగించి, దండ కట్టి ఆమె నెత్తిన పెట్టాడు. కామెర్లు దిగేకొద్దీ దండ పొడుగవుతుందట. నెత్తిమీంచి మెడకీ, మెడనుంచి నడుముకీ జారుతుంది. కాళ్ళదాకా దిగాక గెడ్డలో, పారే వాగునీళ్ళలో వదిలేయాలి. నూకరత్నం అలాగే వదిలింది. కళ్ళు తేటపడ్డాయి.

ఆ వెంటనే దేముడమ్మ కళ్ళు పచ్చబడ్డాయి. అదంతా నూకరత్నం ఒంట్లోంచి దిగిన పసుపేననీ, దిగి దిగి తన ఒంట్లో చేరిందనీ ఆమె నమ్మకం. తానూ దండ కట్టించుకుంది. అది నూకరత్నం దండకంటే బేగి జారింది.

"సూడే, నీదానికన్నా జానెడు పొడుగు" అని చూపించింది కూడా.

కానీ పసుపు ముదిరింది. తిండి సయించలేదు. రవికలు వదులయ్యాయి. దండను మాత్రం గెడ్డలో వదల్లేదు. వచ్చినవాళ్ళు చూడాలని గుమ్మం పక్క మేకుకు తగిలించింది.

మధ్యాహ్నం బుట్ట దింపి, ఆటో ఎక్కి అరకు ఆసుపత్రికి వెళ్ళింది. పట్నంలో తీయించిన స్కానింగు ఫలితం వచ్చిందని కబురు. డాక్టరు పావని ఆమెను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"మీ ఊరికి కొండమీది ఊట నీళ్ళు పైపులో వస్తాయి కదమ్మా?"

"వస్తాయి. రెండు పైపులు దిగి, సింతచెట్టుకాడ ఒకటవుతాయి."

"కాలేయంలో కూడా అంతే. అక్కడ ఊరే పసరు రెండు గొట్టాల్లో వచ్చి ఒకటవుతుంది. అవి కలిసేచోట నీకు గడ్డ వచ్చింది. దారి మూసుకుపోయి, కిందికి దిగాల్సిన పసరు రక్తంలో కలుస్తోంది. అందుకే ఈ పసుపు, ఈ దురద."

"పైపులో రాయి పడితే తీసేత్తారు కదమ్మా?"

"రాయి కాదు. గొట్టం గోడే గడ్డ కట్టింది. క్యాన్సరు. కాలేయంలోకి పాకింది, కోసి తీయలేరు. పట్నంలో చిన్న గొట్టం లోపల పెడతారు. పసరు దిగుతుంది, దురద తగ్గుతుంది. గడ్డ మాత్రం పోదు."

దేముడమ్మ కండెతో మోచెయ్యి గోక్కుంది. గోక్కుంటూనే అడిగింది.

"మా తోటికోడలిదేనా ఇది?"

"కాదు. ఆవిడవి మామూలు కామెర్లు, అందరికీ వచ్చేవే. ఇది ఒకరి నుంచి ఒకరికి రాదు. చాలా అరుదు. లక్షమందిలో ఒకరికో ఇద్దరికో."

తిరుగు ఆటోలో ఆమె లక్షమందిలో ఒకరన్న మాటే పెదాలతో పలుక్కుంటూ కూర్చుంది. భయమేసింది. ఆ భయం మీదే, సిగ్గులేకుండా, చిన్న గర్వం కూడా ఎక్కి కూర్చుంది.

సాయంత్రం నూకరత్నం జావ గిన్నె తెచ్చింది.

"ఏటన్నాదప్పా డాకటరమ్మ?"

"నీకొచ్చినలాటిది కాదంట. నీది అందరికీ వచ్చేదేనంట. నాది లచ్చమందిలో ఒకరికొస్తాదంట."

నూకరత్నం మొహం చిన్నబోయింది. "అన్నీ నీకే గొప్పలు" అంది.

"మరేటనుకున్నావు?"

"మందుందా దానికి?"

దేముడమ్మ జావ వైపు చూసింది. "నేదంట" అంది.

నూకరత్నం గిన్నె కింద పెట్టింది. కండె అందుకుని, వెనక కూర్చుని, దేముడమ్మ వీపు గోకడం మొదలుపెట్టింది. ఎక్కడ దురదో అడగలేదు. చెయ్యి సరిగ్గా అక్కడికే వెళ్ళింది.

"ఓలే గుంటా, నీ కళ్ళు తెల్లగున్నాయే" అంది దేముడమ్మ, అటు తిరిగే. "అవి సూత్తే నాకు కడుపు మండిపోతాది."

"మండనీ అప్పా. కడుపులో కాస్త వేడైనా ఉంటాది" అంది నూకరత్నం. చెయ్యి ఆపలేదు.

ఆ వారంలోనే పట్నం తీసుకెళ్ళారు. ఆటో ఎక్కేముందు దేముడమ్మ గుమ్మం దగ్గర ఆగి, నూకరత్నంతో "దండ తియ్యకు. వచ్చి నేనే గెడ్డలో వదుల్తాను" అంది. గొట్టం పెట్టారు. దురద తగ్గింది. రెండు రాత్రులు హాయిగా నిద్రపోయింది. తర్వాత గొట్టం దగ్గర చీముపట్టి చలిజ్వరం వచ్చింది. శవమై ఊరికి వచ్చింది.

అన్నీ అయ్యాక నూకరత్నం ఆ గుడిసె ఊడ్వడానికి వెళ్ళింది. మేకు కింద చీపురు దేనికో తగిలి ఆగింది. కాడలు ఎండి, ముడులు ఒక్కొక్కటే వదులై, ఏ తలా లేకుండానే జారి జారి, దండ నేలకు ఆనుతోంది.