హాజరైనవారు

“ఆ కాగితాలు తీస్తావా, వాటి మీదే కంచాలు పెట్టుకోమంటావా?” అని భర్త అడగడం అది మూడోసారి. “వరసగా పేర్చుకున్నానండీ, కదిపితే కలిసిపోతాయి. ఇవాళ్టికి కింద కూర్చుని తినండి” అని ఆమె అనడమూ మూడోసారే. “నా మోకాళ్ల సంగతి ఎవరికి పట్టింది లే” అంటూ అత్తగారు కుర్చీ లాక్కున్నారు. దాంతో ఆయన కాగితాలన్నీ పేకముక్కల్లా పోగుచేసి ఫ్రిజ్ మీద పడేశాడు.

కంపెనీ నమోదైనట్టు పత్రం వచ్చి ఇరవై రోజులైంది. అసలు పని ఆ తర్వాతే మొదలైంది. పన్ను నమోదు, బ్యాంకు ఖాతా, ఆడిటర్ నియామకం, వాటా పత్రాలు, నెల తిరక్కుండా డైరెక్టర్ల మొదటి సమావేశం. ఏది ఎప్పటిలోగా ఎక్కడ ఇవ్వాలో కూతురి పాత నోటుపుస్తకంలో మిగిలిన పేజీల్లో రాసుకుంది. పదకొండేళ్లుగా వెనక వసారాలో సబ్బులు చేస్తోంది. క్షారం చిమ్మి మోచేతుల దాకా మచ్చలు. ఇంటికొచ్చినవాళ్లతో భర్త దాన్ని “కాలక్షేపం” అనేవాడు. కంపెనీ పెడితే నెలనెలా సబ్బులు తీసుకుంటామని ఒక హోటళ్ల సంస్థ అన్నాక, ఆ కాలక్షేపం కాస్తా “మా బిజినెస్” అయి కూర్చుంది. అకౌంటెంటు మరిది వచ్చి భర్తతో పాటు తానూ డైరెక్టరయ్యాడు. ఆడవాళ్ల సంస్థలకు రాయితీ ఉందని ముప్పాతిక వాటాలు ఆమె పేర రాయించాడు. “పేరుకేలే వదినా” అని నవ్వాడు కూడా.

పన్ను నమోదు కోసం వేలిముద్రలు తీసుకునేచోట యంత్రం ఆమె వేళ్లను గుర్తుపట్టలేదు. గీతల్ని క్షారం తినేసింది. అయిదుసార్లు తుడుచుకుని పెట్టినా ఎర్రలైటే. “పదకొండేళ్లు చాకిరీ చేసి సంపాదించింది ఇదీ” అన్నాడు భర్త, కౌంటర్లో ఉన్నావిడ ముందే. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని అప్పట్నుంచీ తనను తానే తిట్టుకుంటోంది.

ఆదివారమని మరిది కూడా వచ్చాడు. భోజనాలయ్యాయి. ఆమె గిన్నెలు తోమి, పొయ్యిగట్టు తుడిచి, టీ పెట్టి తెచ్చేసరికి బల్ల మీద రెండు కాగితాలు సిద్ధంగా ఉన్నాయి.

“మూడు సంతకాలు వదినా. పెన్సిలుతో గుర్తు పెట్టాను” అన్నాడు మరిది.

ఆమె ట్రే పక్కన పెట్టి చదవడం మొదలుపెట్టింది.

“చదవడానికేముంది అందులో? మామూలు తంతే” అన్నాడు భర్త.

కంపెనీ మొదటి సమావేశం ఈ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు జరిగినది. హాజరైనవారు ముగ్గురు డైరెక్టర్లు. మూడో పేరు ఆమెదే. భర్తను మేనేజింగ్ డైరెక్టరుగా నియమించుటకు, బ్యాంకు చెక్కులపై అన్నదమ్ములిద్దరే సంతకం చేయుటకు అందరూ ఏకగ్రీవంగా ఆమోదించినారు. మూడో డైరెక్టరు తయారీ పనులు చూచుకొనెదరు. సమావేశం రెండు నలభై అయిదుకు ముగిసినది.

రెండు నుంచి రెండు నలభై అయిదు దాకా ఆమె అడుగంటిన గిన్నె గీకుతోంది. హాల్లోంచి టీవీ చప్పుడు తప్ప ఏ సమావేశమూ వినపడలేదు. ఆమాటకొస్తే ఈ ఇంట్లో ఇలా ఎన్నిటికి హాజరైందో! అమ్మాయిని ఏ కాలేజీలో చేర్చాలో “అందరం అనుకున్న” రోజున ఆమె బట్టలారేస్తోంది. అత్తగారి ఆపరేషను ఎక్కడో “అందరం అనుకున్న” రోజున ఆమె అదే అత్తగారికి స్నానం చేయిస్తోంది. తను ఉద్యోగం మానెయ్యాలని “ఇద్దరం అనుకున్నాం” అని ఆయన ఊరంతా చెప్పాడు. ఆ రోజు తను నోరు తెరిచిన గుర్తే లేదు. అవన్నీ నోటిమాటలు, గాలికి పోయాయి. ఇది అలా కాదు. లేని సమ్మతిని టైపు చేసి, పెన్సిలు గుర్తు పెట్టి, కింద సంతకం కూడా చెయ్యమంటున్నారు.

“రెండింటికి నేనెక్కడున్నాను?” అంది.

“ఎక్కడేంటి, ఇంట్లోనేగా!” అన్నాడు మరిది.

“ఇంట్లో ఎక్కడ?”

“పోలీసు ప్రశ్నలేంటే నీకు?” భర్త చిరాకుపడ్డాడు.

“బ్యాంకుల చుట్టూ తిరగడం వాళ్లు చూసుకుంటామంటే నీకే సుఖం కదమ్మా” అన్నారు అత్తగారు.

“గడువు దాటితే కంపెనీకి జరిమానా పడుతుంది వదినా. మళ్లీ నన్ననొద్దు.”

“గడువు పది రోజులుంది. సమావేశానికి వారం ముందు నోటీసిస్తే చాలు.”

మరిది టీ కప్పు కింద పెట్టాడు. వదినకు ఈ లెక్క తెలుసునని అతను అనుకోలేదు. సోఫాలో ఉన్న కూతురు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది.

ఆమె గొంతు పెంచలేదు. పెంచితే “అరుస్తోంది” అని మాట అక్కడితో తెగ్గొడతారని పద్దెనిమిదేళ్లుగా చూస్తోంది.

“ఈ సమావేశం జరగలేదు. అందుకని సంతకం చెయ్యను. రేపు కాదు, ఆ పై సోమవారం పదింటికి వసారాలో జరుగుతుంది. నోటీసులు సాయంత్రం ఇస్తాను. బ్యాంకు సంతకం నాదొక్కదే ఉంటుంది. కాదంటే వాటాదారుల సమావేశం పిలిచి మీ ఇద్దర్నీ డైరెక్టర్లుగా తీసేస్తాను. ముప్పాతిక వాటాకి ఆ హక్కుంది. పేరుకే రాశారో, ఎందుకు రాశారో, రాసింది మాత్రం మీరే.”

“సోమవారం నాకు ఆఫీసుంది” అన్నాడు భర్త.

“సెలవు పెట్టండి” అంది. తర్వాత అత్తగారి వైపు, కూతురి వైపు కూడా చూసి, అందరికీ కలిపి చెప్పింది. “ఆ పూట వంట సంగతి మీలో మీరు అనుకోండి. నేను మీటింగులో ఉంటాను.”