రెండు చుట్లకు ఒక్క ‘టక్’

మా ఆయనకు చెవులు వినపడవు. ఈ ముక్క ఇన్నాళ్లూ మా ఇంటి గడప దాటలేదు. నా కడుపులో దాగిన రహస్యం నా జన్మలో ఇదొక్కటే.

బొత్తిగా వినపడదని కాదు. ఎదురుగా నిలబడి, పెదవులు కనబడేలా గట్టిగా మాట్లాడితే పట్టుకుంటారు. వెనకనుంచి పిలిస్తే మాత్రం పలకరు. జీవితమంతా ఇంజిన్లలో తల దూర్చిన మనిషికి చివరికి ఆ ఇంజిన్లే చెవులు తినేశాయి. చెవికి మిషను పెట్టించాం. అది పెట్టుకుంటే ఇంజినూ, ఫ్యానూ, నా గొంతూ కలిసి ఒకటే హోరు అని తీసి సొరుగులో పడేశారు. నా గొంతును తీసుకెళ్లి ఇంజిన్‌తో కలిపినందుకు వారం రోజులు సాధించాను. సాధింపు కూడా ఎదురుగా నిలబడే చేయాలి, అదొక శిక్ష.

ఆయన పేరేమిటో తెలుసా? పాముచెవుల మెకానిక్. కారు ఇంకా వీధి మలుపు తిరుగుతూ ఉండగానే షెడ్డులో స్టూలు మీద కూర్చుని, “మూడో ప్లగ్గు కాలడం లేదు” అనేవారు. బండి వచ్చి ఆగాక విప్పి చూస్తే మూడో ప్లగ్గే నల్లగా ఉండేది. నేను కళ్లారా చూశాను, ఒకసారి కాదు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి ఇంత విద్య ఎలా అబ్బిందా అని ఆశ్చర్యపోయేదాన్ని. అప్పటికీ ఇప్పటికీ ఆ మాట పైకి అనలేదు. అంటే నెత్తికెక్కుతారు.

అలాంటి పేరు మోసిన మనిషి తనకు చెవుడొచ్చిందని ఎవరితో చెప్పుకుంటాడు? అందుకే నేను షెడ్డులో ఆయన ఎదురుగా కుర్చీ వేసుకున్నాను. వచ్చినవాళ్లు చెప్పింది మళ్లీ నా నోటితో గట్టిగా అంటాను. “అయ్యో, బ్రేకు పట్టడం లేదా బాబూ!” అంటే ఆయనకు అందుతుంది. వచ్చినవాళ్లు ఈవిడకి వాగుడెక్కువ అనుకుంటారు. అనుకోనీ, అబద్ధమేం కాదు. ‘చెవిటివాడి ముందు శంఖం’ అనే సామెతను మాత్రం మా ఇంట్లో నిషేధించాను.

“బ్రేకులూ టైర్లూ ఎలాగో లాగిస్తాను. ఇంజిన్లో చప్పుడు చూడమని ఎవరైనా తెచ్చి, నేను చెప్పలేకపోయిన రోజున షట్టరు దించేస్తానే” అన్నారొకసారి నాతో. ఆయన హాస్యానికి కూడా అలాంటి మాటలు అనరు. షట్టరు దించితే ఆ మనిషి ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు? గోడ గడియారం విప్పి పోగులు పెడతారు, దిగులుతో మంచం పడతారు. ఆ రోజు రాకూడదని నేను మొక్కని దేవుడు లేడు.

వచ్చింది. క్రీము రంగు కారులో వచ్చింది.

గుండ్రటి వీపు, ముందు రెండు పెద్ద దీపాలు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు. మా ఊళ్లో ఫొటో స్టూడియో నడిపిన పెద్దాయనది. ఆయన బతికున్నంత కాలం మా ఆయన చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి దాని మీద పడలేదు. పెద్దాయన పోయాక కూతురు దాన్ని ఇటుకల మీద నిలబెట్టి, దుప్పట్లు కప్పి, గదికి తాళం వేసింది. ఇన్నేళ్లకు తాళం తీసింది. ట్యాంకు కడిగించడం, నూనె మార్చడం, కొత్త బ్యాటరీ పెట్టడం అన్నీ మా తమ్ముడు వాడి వర్క్‌షాపులోనే చేశాడు. బండి లేచింది. లేచిందే గానీ, కిందనుంచి టకటకమని ఒకటే మోత.

మా తమ్ముడు ఈయన దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడు వాడిది పెద్ద షాపు. అయినా బావంటే వాడికి దేవుడే.

“నాకైతే కింద బేరింగు పోయినట్టే ఉంది బావా” అన్నాడు ఎదురుగా నిలబడి. “ఇంజిన్ దించి విప్పాల్సిందే. కానీ నువ్వొకసారి విని ఊఁ అనందే స్పానరు ముట్టను.”

“విప్పితే దీనికి సామాన్లు దొరుకుతాయా బాబాయ్?” అంది ఆ కూతురు, ఫొటోల అమ్మాయి.

“ఎక్కడ దొరుకుతాయమ్మా, ఆ కంపెనీయే లేదు” అన్నాడు మా తమ్ముడు. అంటే మళ్లీ దుప్పట్లే, మళ్లీ తాళమే. ఆ పిల్ల మొహం వాడిపోయింది.

నేను మా ఆయన వంక చూశాను. శుభ్రంగా ఉన్న చేతుల్నే గుడ్డతో తుడుచుకుంటున్నారు.

ఇంజిన్ స్టార్ట్ చేశారు. మా షెడ్డులో ఒక నియమం ఉంది. ఇంజిన్ మాట్లాడుతుంటే మనుషులు మాట్లాడకూడదు. ఆ నియమం చెప్పినప్పుడల్లా ఆయన నావైపే చూసేవారు. అందరం నోరు మూసుకున్నాం. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. అచ్చం మునుపటిలాగే. మా తమ్ముడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ చెవిలోకి ఏమీ వెళ్లడం లేదని అక్కడ నా ఒక్కదానికే తెలుసు.

అవును, బేరింగే అనేయండి మహానుభావా అనుకున్నాను మనసులో. ఒక్క తల ఊపితే చాలు. వీడు బండి తీసుకుపోతాడు, పరువు దక్కుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. అంత తేలిక. నేనైతే ఊపేసేదాన్ని.

ఆయన కళ్లు తెరిచారు. ఫొటోల అమ్మాయి చెయ్యి కారు మీద ఉంది. ఆ చేతి వంక కాసేపు చూసి, ఇంజిన్ ఆపమని సైగ చేశారు.

“నాకు వినపడలేదురా” అన్నారు.

“అదేంటి బావా, అంత మోత మోగుతుంటే! ఉండు, మళ్లీ స్టార్ట్ చేస్తా.”

“ఎన్నిసార్లు చేసినా అంతే. నాకు చెవుడొచ్చి చాన్నాళ్లయింది. మీ అక్క కాపాడుకొస్తోంది.”

నాకు ఒళ్లు మండిపోయింది, ఇన్నాళ్ల నా కష్టమంతా ఒక్క మాటతో బూడిదలో పోశారని. మరుక్షణంలోనే, ఈ మనిషికి ఎంత గుండె ఉంది అనిపించింది. నిజంగానే అనిపించింది.

ఆయన అప్పటికే నావైపు తిరిగారు. “ఏమే, నువ్వు విన్నావుగా. ఎలా ఉంది?”

“నేనా? టకటకమంటోంది.”

“టకటకలో ఎన్ని రకాలు! సుత్తితో కొట్టినట్టా, మూత ఎగిరినట్టా?”

ఆలోచించాను. “ఎవరో గరిటె కాడతో బల్ల మీద కొడుతున్నట్టుంది. గట్టిదే, కానీ బరువు లేదు. మీ అమ్మగారి కోపంలాగా. పైకే.”

ఆయన కళ్లలో ఏదో వెలిగింది. “బరువు లేదూ? బేరింగు దెబ్బైతే బరువుండాలే.”

“లేదంటే లేదు. నా చెవులు బాగానే ఉన్నాయి.”

“ఒరేయ్, ప్లగ్గులు నాలుగూ విప్పు. హ్యాండిలు అందుకో.”

ఆ కాలపు కార్లకు ముందువైపు ఇనప హ్యాండిలు దూర్చి ఇంజిన్‌ని చేత్తో తిప్పవచ్చు. ప్లగ్గులు తీసేస్తే తేలిగ్గా, చప్పుడు లేకుండా తిరుగుతుంది. ఆయన ఇంజిన్ ముందుభాగంలో దాంతోపాటే తిరిగే బెల్టు చక్రం అంచు మీద సుద్దతో ఒక గీత గీసి, దాని ముందు గొంతుకూర్చున్నారు. నా చెయ్యి పట్టుకుని తన భుజం మీద పెట్టుకున్నారు.

“చప్పుడు వినపడినప్పుడల్లా ఒకసారి తట్టు. మాట్లాడకు.”

“ఇప్పుడు కూడా మాట్లాడొద్దనేనా!” అన్నాను గానీ, ఆయన చూపు గీత మీదే ఉంది.

తమ్ముడు మెల్లగా తిప్పాడు. గీత ఒక చుట్టు తిరిగొచ్చింది. ఏమీ లేదు. మళ్లీ వచ్చింది. లోపల సన్నగా ‘టక్’మంది. తట్టాను. ఇంకో చుట్టు, ఏమీ లేదు. మరో చుట్టు, ‘టక్’. తట్టాను. అలా ఎంతసేపు తిప్పించారో, మా తమ్ముడి చొక్కా తడిసిపోయింది. ఆయన కళ్లు చూసినదీ, నా చెవులు విన్నదీ ఆ భుజం దగ్గర కలిశాయి.

“రెండు చుట్లకు ఒక్క దెబ్బ” అంటూ లేచారు. “ఒరేయ్, కింద బేరింగు పోతే ఎన్ని చుట్లకు కొడుతుంది?”

తమ్ముడు హ్యాండిలు వదిలేశాడు. “చుట్టుకోసారి కొట్టాలి బావా.”

“మరి ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒక్క చుట్టు తిరిగేదేది?”

“క్యామ్ షాఫ్టు. కానీ దాని మీదుండే ట్యాపెట్లు నిన్ననే సరిచేశాను...” అంటూనే ఆగిపోయాడు. ఇంజిన్ పక్కన, కిందుగా, పిడికిలంత పెట్రోలు పంపు బిగించి ఉంది. ఇద్దరూ ఒకేసారి దానివంక చూశారు. దాని చెయ్యి లోపలికి వెళ్లి ఆ షాఫ్టు మీదే ఆనుకుని ఉంటుందట. ఆ చేతిని ఆనించి ఉంచేది ఒక చిన్న స్ప్రింగు.

పంపు విప్పారు. తుప్పు పట్టి రెండుగా విరిగిన స్ప్రింగు ఆయన అరచేతిలో పడింది. ముక్క ఏదైనా లోపల పడిందేమోనని రెండింటినీ జత కలిపి చూసుకున్నారు. సరిగ్గా అతికాయి. “ఇంతేనా! ఇలాంటి స్ప్రింగు ఎక్కడైనా చుట్టిస్తాను” అన్నాడు తమ్ముడు.

“కొండను తవ్వి ఎలుకను పట్టారన్నమాట” అన్నాను.

“తవ్వకుండానే పట్టాంగా” అన్నారు. ‘పట్టాం’ అన్నారు, ‘పట్టాను’ అనలేదు. నేను గమనించాను.

పంపు చోట రేకు బిగించి, ప్లగ్గులు పెట్టి, బానెట్‌కి పెట్రోలు సీసా వేలాడదీసి గొట్టం కలిపారు. “చప్పుడొస్తే తట్టు” అని ఇంజిన్ మీదికి వంగారు. వెనకనుంచి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. ఫొటోల అమ్మాయి తాళం తిప్పింది.

ఇంజిన్ లేచింది. కుట్టుమిషను నడిచినట్టు మెత్తగా, ఒకే తీరుగా నడుస్తోంది. ఆ పిల్ల స్టీరింగు మీద తలవాల్చి ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మా ఆయన మాత్రం కదలకుండా నా చేతి కోసం ఎదురుచూస్తున్నారు. నా చెయ్యి కదల్లేదు. ఎంతకీ కదల్లేదు. ఆయన భుజం మెల్లగా వదులైంది.

తమ్ముడు వచ్చి ఎదురుగా నిలబడి, పెదవులు బాగా కదుపుతూ, “బావా, నా దగ్గర ఇంకో పాత బండి ఉంది. అదేదో గురగురమంటోంది. రేపు తేనా?” అన్నాడు.

“మీ అక్కనడుగు. వినాల్సింది తనేగా” అని ఆయన నావైపు తిరిగారు.

చెప్పాలనే ఉంది. కానీ కళ్లు తుడుచుకుంటూ నిలబడిపోయాను.

ఆయన కంగారుగా నా పెదవుల వంక చూస్తున్నారు. “ఏమైందే? ఏదో ఒకటి మాట్లాడవే!”

అదీ, ఇంజిన్ నడుస్తుండగా.