గురమ్మ నడుంలో మిల్లు

ప్రతి మంగళవారం పదింటికి ఝాన్సీ టాబ్ పట్టుకుని గురమ్మ అరుగెక్కేది. అయస్కాంతపు బెల్టు నడుంనొప్పికి పనిచేస్తుందో లేదో చూసే పరీక్ష అది. కొన్ని బెల్టులు అసలువి, కొన్ని ఉత్తుత్తివి. ఎవరికి ఏది పడిందో ఝాన్సీకీ చెప్పలేదు.

"నొప్పి పదికి ఎంత, పెద్దమ్మా?"

"తొమ్మిది. నొప్పికి మార్కులేటే! పాసైతే సర్టిఫికెట్టిస్తారేటి?"

ముప్పయ్యేళ్లు జూట్ మిల్లులో వంగి సంచులు కుట్టిన నడుం. రిటైరై ఊరొచ్చేటప్పుడు మిల్లు కూడా అందులోనే వచ్చేసింది. చెవి ఆనిస్తే మిషన్ల రొద. పొద్దున్న ఆరుకీ, మధ్యాహ్నం రెండుకీ వీధంతా వినబడేలా సైరన్. ఆరు సైరన్‌కి పొయ్యిలు వెలిగేవి, రెండు సైరన్‌కి కంచాలు కడిగేసేవారు.

పక్క మిషన్ మీద కుట్టిన దాలమ్మే ఝాన్సీ తల్లి. మిల్లు మానేశాక రామతీర్థంలో మంచమెక్కి రెండేళ్లుగా దిగలేదు, పలకలేదు. డాక్టర్లు స్కానింగు మీద స్కానింగు తీసి రోగమేమీ లేదన్నారు. బెంగకి స్కానింగు ఎవడు కనిపెట్టాడు గనక!

"ఒక్కపాలి నా నడుంకి దాని సెవి ఆనిస్తే లెగుస్తాదే," అనేది గురమ్మ. "నేనా ఆటోలో కూకోలేను. అదా మంచం దిగదు."

ఆరో వారానికి నొప్పి నాలుగుకి దిగింది. సైరన్ సన్నబడి వీధిలో అన్నాలు ఆలస్యమయ్యాయి. బెల్టు అసలుదేనని అందరికీ తెలిసిపోయింది.

ఎనిమిదో మంగళవారం గురమ్మ నిటారుగా నిలబడి బిందె ఎత్తింది. "సున్నా. రాసుకో."

ఝాన్సీ గబుక్కున ఆమె నడుంకి చెవి ఆనించింది. ఏమీ లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పోయింది పెద్దమ్మా! ఇంక మా అమ్మ..."

"ఎక్కడికి పోద్దే, సచ్చినదానా? అరుగుమీద ఇప్పి ఎట్టిన బెల్టు ఎత్తి సూడు."

రెండు చేతులా ఎత్తాల్సి వచ్చింది. గోనె వాసన. లోపల్నుంచి రొద.

"ఇవాళ్టితో పరీక్ష ఆఖరు. సాయంత్రానికి బెల్టు ఆఫీసులో అప్పగించాలి పెద్దమ్మా."

"సాయంత్రం కదా! రెండింటికి ఇంటికాడుండు." గురమ్మ బెల్టుని ఒక్కసారి నిమిరింది. "బేగెల్లు. మళ్లీ నాకు మనసు మారిపోద్ది."

ఝాన్సీ బెల్టుని తల్లి తలగడ పక్కన పెట్టి, ఫారంలో 'ఇతర మార్పులు' అన్న గడి దగ్గర ఆగిపోయింది. రెండయింది. సైరన్ మోగింది.

దాలమ్మ లేచి కూచుంది. జుట్టు ముడేసుకుంది. కాళ్లతో మంచం కింద చెప్పులు వెతికింది.

"నా కేరేజీ ఏదే? గురమ్మ ఎల్లిపోనాదా, నాకోసం ఆగి ఉన్నాదా?"