చెక్క అక్షరాలు

బొంగరాన్ని బడి నుంచి వెనక్కి పంపిన రోజు వాళ్ళ నాన్న వడ్రంగి కార్ఖానాలో తలుపు రెక్కకి చిత్రిక పడుతున్నాడు. భార్య ఫోన్ చేసి, "ఒకసారి బడికి రండి, పెద్ద టీచరు మనిద్దర్నీ రమ్మంటున్నారు" అంది. భార్య ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ వదిలి వచ్చిందంటే సంగతి చిన్నది కాదని అతనికి అర్థమైపోయింది. ఒంటినిండా చెక్క పొట్టుతోనే పరిగెత్తాడు.

పెద్ద టీచరు కోప్పడలేదు. అందుకే ఇంకా భయమేసింది.

"పాప చురుకైందేనండీ, కాదనను. కానీ రెండో తరగతికొచ్చినా ఒక్క అక్షరం పట్టుబడలేదు. లేచి నిలబడితే చాలు, మిగతా పిల్లలు నవ్వుతున్నారు. ఒక నెల ఇంట్లో ఉంచుకుని మీ పద్ధతిలో నేర్పించి చూడండి. ఆ తర్వాత నేనే చదివిస్తాను. నాలుగు వాక్యాలు చదివిందా, ఇదే తరగతి. లేదా, ఒకటో తరగతికి పంపక తప్పదు."

బొంగరానికి ఏడేళ్ళు. ఒక్కచోట నిలవదని పెట్టిన ముద్దుపేరు అది, అసలు పేరు బడి రిజిస్టర్లో తప్ప ఎవరి నోటా వినపడదు. దాని తమ్ముడు చిన్నోడికి ఇంకా అయిదు నిండలేదు. వాడు బడి మెట్లెక్కలేదు.

"నాకు సెలవు దొరకదు, వార్డులో మనుషుల్లేరు" అంది భార్య దారిలో.

"నేనుంటాలే ఇంట్లో. ఓనరుతో చెప్తాను. పుస్తకం చూస్తే పారిపోయే పిల్ల, చేతికి పనిస్తే ఎందుకు పారిపోతుంది? చేతుల్తోనే నేర్పిస్తా."

ఆవిడ అతని వంక ఒక్క క్షణం చూసింది. ఆ చూపు ఎందుకో అతనికి తెలుసు. అతనూ అయిదో తరగతిలో బడికి దణ్ణం పెట్టినవాడే. అక్షరాలు విడివిడిగా చూపిస్తే చెప్తాడు. వరసగా పేర్చితే అవి కదిలిపోతున్నట్టుంటాయి. కొలతలు కూడా రాసుకోడు, పుల్ల మీద గాట్లు పెట్టుకుంటాడు. ఇంట్లో ఏ కాగితమొచ్చినా భార్యే చదువుతుంది. పిల్లలకి మాత్రం ఆ సంగతి తెలియనివ్వలేదు.

మొదటి వారం పండగలా గడిచింది. వరండాలో పాత పళ్ళెం నిండా రంపపు పొట్టు పోసి, అందులో వేలితో అక్షరాలు రాయించాడు. మేకుల డబ్బా బోర్లించి లెక్కలు చెప్పాడు. "ముగ్గురు పనివాళ్ళు, ఇరవై నాలుగు మేకులు. మనిషికెన్ని?" అనడమే ఆలస్యం, బొంగరం పంచి చూడకుండానే "ఎనిమిది" అనేసేది. చిన్నోడు ఆ మేకుల్నే సైనికుల్లా నిలబెట్టి కూల్చేవాడు. గచ్చు పొడవు కొలిచారు, బల్ల కాళ్ళ ఎత్తు కొలిచారు, పడుకున్న పక్కింటి పిల్లిని కూడా కొలిచారు. భార్య ఇంటికొచ్చేసరికి ముగ్గురికీ కనుబొమల దాకా పొట్టే. ఆవిడ చాన్నాళ్ళకి పగలబడి నవ్వింది.

రెండో వారం కార్ఖానా నుంచి తుక్కు చెక్క తెచ్చి అక్షరాలు కోశాడు. ఒకటి టేకు ముక్క, ఒకటి వేప, ఒకటి పాత కిటికీ చట్రం, ఏది దొరికితే అది. తలకట్టు వంపు దగ్గర ఉలి జారి రెండుసార్లు వేలు తెగింది. అయినా వదల్లేదు. గరుకు కాగితంతో అంచులు రుద్ది, పిల్ల అరచేతిలో పెట్టాడు. బొంగరం వాటిని నిమిరింది, వాసన చూసింది, ఒడిలో పోసుకుంది. పదిరోజులు తిరిగేసరికి ఏ ముక్క తీసినా టకటకా చెప్పేస్తోంది. ప, ష, మ, య. బళ్ళో రెండేళ్ళుగా రానిది! అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఓనరుకి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

ఆదివారం భార్యకి సెలవు. "ఏదీ, నాకూ చెప్పవే" అంటూ పాత నోటు పుస్తకంలో అయిదు అక్షరాలు పెద్దగా రాసి కూతురి ముందు పెట్టింది.

బొంగరం కాగితం వంక చూసింది. తిప్పి చూసింది. తండ్రి మొహం చూసింది.

"ఇది ప కదూ తల్లీ, నిన్న కూడా చెప్పావుగా" అన్నాడతను.

"ప కి పొట్ట మీద నల్ల మచ్చ ఉంటుంది నాన్నా. దీనికేదీ?"

అతను చెక్క అక్షరాలన్నీ ముందేసుకున్నాడు. ఒక్కొక్క ముక్కా తీసి అడిగాడు. ష అంటే అంచు విరిగింది. మ అంటే ఎర్రగా ఉన్నది. య అంటే పాత రంగు వాసనొచ్చేది. పిల్ల అక్షరాలు నేర్చుకోలేదు, చెక్క నేర్చుకుంది. ఏ చెక్క ఏదో కళ్ళు మూసుకుని చెప్పే విద్య అతనిదే, అదే దాని చేతికొచ్చింది.

ఇంక పదమూడు రోజులు. ఆ రాత్రంతా కూర్చుని, ఒకే చెక్క పలక నుంచి, మచ్చా గీతా లేకుండా, అన్ని అక్షరాలూ మళ్ళీ కోశాడు. అన్నింటికీ ఒకే తెల్ల రంగు వేశాడు. పొద్దున్న వాటి ముందు కూర్చున్న బొంగరం ఒక్కటి కూడా చెప్పలేకపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు అతని ఓపిక నశించింది. తెల్ల అక్షరం ఒకటి గోడకేసి కొట్టి, "బుర్రలో మట్టి ఉందా నీకు?" అని అరిచాడు.

అరిచాక ఆ మాట ఎవరిదో గుర్తొచ్చింది. అతని పాత మాస్టారిది. అదే గొంతు, అదే విసురు. బొంగరం ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఏడేళ్ళలో అది అంతసేపు కదలకుండా కూర్చోవడం అతనెప్పుడూ చూడలేదు.

అప్పుడే చిన్నోడు గోడ దగ్గర పడ్డ అక్షరాన్ని ఏరుకొచ్చి, "నాన్నా, ఇది ఘ" అన్నాడు.

వాణ్ణెవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. పక్కన ఆడుకుంటూనే అన్నీ పట్టేశాడు. నోటు పుస్తకంలో భార్య రాసి ఉంచిన మాటలు చూపిస్తే "పలక", "మడత" అని కూడబలుక్కుని చదివేశాడు. అతను వాణ్ణి ఎత్తుకుని ముద్దు పెట్టుకోవాల్సింది. పెట్టుకోలేకపోయాడు. వాడి వెనక నిలబడి అక్క చూస్తోంది.

రెండు రోజులు పోయాక చిన్నోడు తప్పులు చెప్పడం మొదలెట్టాడు. మ చూపిస్తే య అంటాడు, ప చూపిస్తే "ఏమో" అంటాడు. భార్య వాణ్ణి వంటింట్లోకి తీసుకెళ్ళి బుజ్జగించి అడిగింది.

"నాకొస్తే అక్కని తిడుతున్నాడు నాన్న" అన్నాడు వాడు.

ఆవిడ ఆ మాట అతనికి చెప్పి, "ఇంక ఆపేద్దామండీ" అంది.

"ఆపేస్తే?"

మిగిలిన రోజులు వాళ్ళు చదువు అనే మాట ఎత్తకుండానే చదివించారు. పిల్ల అన్నం తినడం తగ్గించింది.

చెప్పిన రోజుకి అతనొక్కడే కూతుర్ని తీసుకుని బడికెళ్ళాడు. పెద్ద టీచరు పుస్తకం తెరిచింది. పేజీలో బావి గట్టు మీద కోడిపిల్ల బొమ్మ, కింద నాలుగు వాక్యాలు. బొంగరం గుక్క తిప్పుకోకుండా అందుకుంది. కోడిపిల్లకి దాహమేసిందనీ, నీళ్ళు అందలేదనీ, వాళ్ళమ్మ వచ్చిందనీ. గొంతులో కథ చెప్పే హెచ్చుతగ్గులన్నీ ఉన్నాయి. ఒక్క క్షణం అతనికి ఆశ పుట్టింది. పెద్ద టీచరు మెల్లగా అరచెయ్యి చాచి బొమ్మని కప్పేసింది.

బొంగరం ఆగిపోయింది.

ఆవిడ చెయ్యి తీసి, పుస్తకం మూసి, ఒక కాగితం అతని ముందుకు జరిపింది. "తరగతి మార్పుకి మీరు ఒప్పుకున్నట్టు. చదువుకుని సంతకం పెట్టండి."

అతను కాగితం పట్టుకున్నాడు. వరసలు వరసలుగా అక్షరాలు. ఎంతసేపు చూసినా అవి నిలవడం లేదు. ఫోన్ చేసి భార్యని అడుగుదామా అనుకున్నాడు. పెద్ద టీచరు ఎదురుచూస్తోంది.

"నాన్నా" అంది బొంగరం చిన్నగా, "నువ్వూ బొమ్మ కోసం వెతుకుతున్నావా?"

అతను తలొంచుకుని సంతకం పెట్టేశాడు. పెద్ద టీచరు కిటికీ వైపు చూసింది. ఇంటికొచ్చేదాకా తండ్రీ కూతుళ్ళు ఒకరి చెయ్యి ఒకరు వదల్లేదు.

సోమవారం బొంగరం ఒకటో తరగతికి వెళ్ళింది. అతను కార్ఖానాకి వెళ్ళాడు. సాయంత్రం వచ్చేసరికి పిల్ల గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. భార్య అప్పటికే ఒకసారి అడిగినట్టుంది, మళ్ళీ అడిగింది.

"కొత్త క్లాసు బాగుందా అమ్మా?"

"బాగుంది. వెనక బెంచీ ఇచ్చారు."

"టీచరు మంచావిడేనా?"

"మంచిదే. నన్నెవరూ ఏమీ అడగరు అక్కడ."

భార్య తేలికపడి, పిల్ల జుట్టు సర్ది లోపలికెళ్ళింది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. వెనక బెంచీలో ఎవరూ ఏమీ అడగని ఏళ్ళు ఎన్ని ఉంటాయో ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు.